ఇంటిదొంగలు

బరంపురంలోని బడా బజార్ తెల్లవారకముందే మేలుకుంటుంది. లారీలు వచ్చి ఆగుతాయి. హమాలీలు బస్తాలు దించుతూ ఒకరినొకరు పిలుచుకునే కేకల్లో ఒడియా ఎంతో, తెలుగు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. బియ్యం, కందిపప్పు, బెల్లం, చింతపండు, నూనె డబ్బాలు ఒక్కొక్కటే కొట్ల వెనుక ఉన్న గిడ్డంగులలోకి చేరుతాయి. ఎండ ముదిరేసరికి అవే సరకులు కాటా ఎక్కి, పొట్లాలై, సంచుల్లో పడి ఇళ్ళకు ప్రయాణమవుతాయి.

ఇటువంటి బజారుకు దొంగల భయం తప్పదు. ఆ దొంగలు రెండు రకాలు. రాత్రివేళ వచ్చి తాళం పగలగొట్టి చేతికందింది పట్టుకుపోయేవాడు ఒకడు. వాడికి కావలివాడి కర్ర అంటే భయం. రెండవది పందికొక్కు. అది బయటినుంచి రాదు. గిడ్డంగి నేల కిందనే బొరియ తవ్వుకుని కాపురం ఉంటుంది. ఆకలి వేసినప్పుడు బస్తాకు కన్నం వేస్తుంది. వీధిలో కావలివాడు ఎన్నిసార్లు తిరిగినా దానికి బెదురు లేదు. బస్తా ఎత్తి చూసి, అది తేలిపోయినప్పుడు గాని షావుకారుకు సంగతి తెలియదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు.

మన శరీరంలో జబ్బులు కలిగించే బాక్టీరియాలలో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. చాలా బాక్టీరియాలు మొదటి రకానివి. అవి పుండులోనో, గొంతులోనో, పేగులలోనో చేరి, జీవకణాల మధ్య ఉండే ద్రవంలో దొరికే ఆహారాన్ని తిని పెరుగుతాయి. రక్తంలో తిరిగే తెల్లకణాలు, ప్రతిరక్షకాలు వాటిని వెతికి పట్టుకుంటాయి. కొద్దిపాటి బాక్టీరియాలు మాత్రం ఏకంగా జీవకణం లోపలికే దూరి అక్కడ కాపురం పెడతాయి. క్షయ, కుష్ఠు, స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఈ రెండవ రకం బాక్టీరియాల వల్ల వచ్చేవే. ఇవి కణం లోపల ఏమి తిని బతుకుతాయన్న ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులకు చిక్కుముడిగా ఉండిపోయింది. ఆ ముడి కొంత విడివడింది మాత్రం ఇటీవలి దశాబ్దాలలోనే.

జీవకణం లోపల లేనిదంటూ లేదు. చక్కెర ఉంది, కొవ్వు ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, ఇనుము ఉంది. అయితే అవేవీ విడిగా ఆరబోసి ఉండవు. చక్కెర అణువులు వేలకొద్దీ గొలుసులుగా ముడిపడి గ్లైకోజెన్ అనే ముద్దగా ఉంటాయి. కొవ్వు చిన్నచిన్న బిందువులుగా పొర చుట్టుకుని ఉంటుంది. అమైనో ఆమ్లాలు మాంసకృత్తులలో అల్లుకుపోయి ఉంటాయి. ఇనుమునైతే ఫెరిటిన్ అనే ప్రత్యేకమైన భరిణెలో దాచి ఉంచుతుంది కణం. కనుక లోపలికి దూరినంత మాత్రాన దొంగకు కడుపు నిండదు. ఏ మూటను ఎలా విప్పాలో తెలిసి ఉండాలి. ఒక్కొక్క బాక్టీరియాకు ఒక్కొక్క రకం నేర్పు ఉంది.

వీటిలో క్షయ బాక్టీరియా సాహసం చెప్పుకోదగినది. రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు దీనిని కనుగొన్నట్లు 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో ప్రకటించాడు. క్షయరోగి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే సన్నని తుంపరలలో ఇది ఉంటుంది. ఊపిరితోపాటు మరొకరి ఊపిరితిత్తులలోని గాలి తిత్తుల దాకా పోతుంది. అక్కడ దానికి ఎదురయ్యేది మహాభక్షక కణం. క్రిములను మింగి అరిగించుకోవడమే ఈ కణం పని. ఇటువంటి కణాలు ఉన్నాయని మొదట గుర్తించిన రష్యన్ శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవి శరీరానికి కావలివాళ్ళన్నమాట. క్షయ బాక్టీరియా ఈ కావలివాడికి చిక్కకుండా పారిపోదు. చిక్కి, వాడి కడుపులోనే కాపురం పెడుతుంది!

మామూలుగా మహాభక్షక కణం ఒక క్రిమిని మింగగానే దాని చుట్టూ ఒక చిన్న సంచి ఏర్పడుతుంది. లైసోజోములు అనే మరికొన్ని సంచులు వచ్చి దానితో కలిసిపోతాయి. వాటిలో ఆమ్లమూ, అరిగించే ఎంజైములూ ఉంటాయి. క్రిమి కరిగిపోతుంది. క్షయ బాక్టీరియా ఆ కలయిక జరగకుండా అడ్డుపడుతుంది. పొయ్యి మీదికి చేరని కుండలో కూర్చున్నట్లు ఆ సంచిలో క్షేమంగా ఉండిపోతుంది.

ప్రాణం దక్కింది, సరే. మరి తిండి మాట? ఆ సంచిలో చక్కెర అరుదు. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో క్షయ బాక్టీరియాను పెంచేటప్పుడు గ్లిసరిన్ వంటి పదార్థాలు ఇచ్చి పెంచుతారు గనుక, శరీరంలో కూడా అటువంటివే తింటుందని అనుకోవడం సహజం. కాని 2000వ సంవత్సరంలో ఒక ప్రయోగం వేరే సంగతిని బయటపెట్టింది. కొవ్వును తిని బతకడానికి తప్పనిసరి అయిన ఒక ఎంజైమును తయారుచేసే జన్యువును క్షయ బాక్టీరియా నుంచి తీసివేసి, ఆ బాక్టీరియాను ఎలుకలకు ఎక్కించారు. మొదటి కొద్దివారాలు అది బాగానే పెరిగింది. తరువాత నిలదొక్కుకోలేక తగ్గిపోయింది. అంటే శరీరంలో ఎక్కువకాలం నిలిచి ఉండాలంటే దానికి కొవ్వు కావాలన్నమాట. 2008లో మరొక పరిశోధన ఇంకొంచెం ముందుకు పోయింది. మన కణాల పొరలలో ఉండే కొలెస్టరాల్‌ను లోపలికి లాక్కోవడానికి క్షయ బాక్టీరియాకు ప్రత్యేకమైన ద్వారమే ఉన్నదని తేలింది.

అంతటితో ఆగలేదు దాని తెలివి. క్షయ బాక్టీరియా చేరిన మహాభక్షక కణాలలో కొన్ని కొవ్వు బిందువులతో నిండిపోయి, సూక్ష్మదర్శినిలో చూస్తే నురగ పట్టినట్లు కనబడతాయి. గిడ్డంగిలో పందికొక్కు చేరిన తరువాత షావుకారు తన చేత్తోనే మరిన్ని బస్తాలు తెచ్చి దాని పక్కన పేర్చినట్లుంటుంది ఇది. ఆ కొవ్వులో కొంత బాక్టీరియాకు ఇంధనం. కొంత దాని ఒంటికి మైనంలాంటి దళసరి పూత. ఆ పూత వల్లనే ఎన్నో మందులు దానికి త్వరగా అంటవు.

ఇనుము కథ మరీ విచిత్రం. ఇనుము లేనిదే దాదాపు ఏ బాక్టీరియా పెరగలేదు. ఈ సంగతి మన శరీరానికి కూడా తెలిసినట్లే ఉంటుంది! రక్తంలో ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే మాంసకృత్తు పట్టి ఉంచుతుంది. కన్నీటిలో, లాలాజలంలో, తల్లిపాలలో లాక్టోఫెరిన్ అనే మరొకటి ఆ పని చేస్తుంది. మహాభక్షక కణం ఒక అడుగు ముందుకు వేసి, క్రిమి ఉన్న సంచిలోనుంచి ఇనుమును బయటికి తోడిపారేస్తుంది. దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిసి ఇల్లాలు వంటింటి సామానంతా అటక ఎక్కించినట్లు! దీనికి క్షయ బాక్టీరియా దగ్గర ఉన్న ఉపాయం మైకోబాక్టిన్ అనే పదార్థం. అది ఇనుమును గట్టిగా పట్టుకునే కొక్కెం వంటిది. దానిలోనే నీటిలో కరిగే మరో రకాన్ని బాక్టీరియా బయటికి వదులుతుంది. అది కణం దాచుకున్న ఇనుమును లాగి తెస్తుంది.

ఇలా ఒకరు దాచడం, మరొకరు వెతికి తీయడం అనే పోటీ లోపల ఎడతెగక సాగుతుంది. ట్రిప్టొఫాన్ అనే అమైనో ఆమ్లం విషయంలోనూ ఇంతే. శరీరం ప్రమాద సంకేతం పంపగానే కణాలు తమ దగ్గర ఉన్న ట్రిప్టొఫాన్‌ను తామే విరగగొట్టి పారేస్తాయి. కంటికి ట్రకోమా అనే జబ్బు తెచ్చే బాక్టీరియా దీనితో ఆకలికి అలమటించి పెరుగుదల మానుకుంటుంది. క్షయ బాక్టీరియా మాత్రం లొంగదు. ట్రిప్టొఫాన్‌ను స్వయంగా తయారుచేసుకోగలదు అది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. క్షయ అంటే తరిగిపోవడం. రోగి బరువు తగ్గి, ఎముకలు తేలి కనబడతాడు గనుక ఆ పేరు వచ్చింది. క్రిములు రోగి ఒంట్లోని కండను తినివేయడం వల్లనే అతడు చిక్కిపోతాడని చాలామంది అనుకుంటారు. ఒక్కొక్క క్షయ బాక్టీరియా పొడవు మూడు మైక్రోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక మిల్లీమీటరులో వెయ్యి మైక్రోమీటర్లు. కోట్ల సంఖ్యలో ఉన్నా వాటి మొత్తం బరువు అత్యల్పం. అవి తినే తిండి మనిషిని చిక్కబరచేటంత ఉండదు. క్రిమితో పోరాడుతూ శరీరం విడుదల చేసే పదార్థాల వల్ల జ్వరం వస్తుంది, ఆకలి చచ్చిపోతుంది, దాచుకున్న కొవ్వునూ కండనూ శరీరమే ఖర్చుపెట్టుకుంటుంది. రోగి చిక్కిపోయేది అందుకు.

తిండికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం దీనికి తిరగేసిన వైపు ఇంకా బలంగా కనబడుతుంది. మనిషికి కడుపునిండా మంచి తిండి లేకపోతే లోపల నిద్రాణంగా ఉన్న క్షయ బాక్టీరియా లేచి కూర్చుంటుంది. మన పొరుగున ఉన్న జార్ఖండ్ రాష్ట్రంలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 2,800 మంది క్షయరోగులకూ, వారి ఇళ్ళలోని పదివేలమందికి పైగా కుటుంబసభ్యులకూ సంబంధించిన పరిశోధన అది. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. కొన్ని కుటుంబాలలో మాత్రం మిగిలినవారికి కూడా నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు అందజేశారు. అటువంటి ఇళ్ళలో కొత్తగా క్షయ సోకినవారు, ఆహారం అందని కుటుంబాలతో పోలిస్తే, దాదాపు నూటికి నలభైవంతులు తక్కువ. బడా బజారులో దొరికే మామూలు సరకులే అవి! భారత ప్రభుత్వం 2018 నుంచి క్షయరోగులకు చికిత్సకాలంలో ఆహారం కోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరులో దానిని 1,000 రూపాయలకు పెంచింది.

గంజాం జిల్లా నుంచి సూరత్ బట్టల మిల్లులకు వలసపోయే కార్మికులు వేలకు వేలు. ఒక్కొక్క గదిలో ఎందరో సర్దుకుని, వంతులవారీగా నిద్రపోతూ పనిచేసేవారు వారిలో చాలామంది. గాలి ద్వారా వ్యాపించే జబ్బుకు అటువంటి గదికన్నా అనువైన చోటు ఏముంటుంది? జబ్బుపడి ఊరికి తిరిగివచ్చిన మనిషికి మందు మొదలుపెట్టిన కొద్దివారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. బాగుపడ్డాననుకుని మందు మానేసి మళ్ళీ రైలు ఎక్కుతాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది. బాగా తింటూ చురుకుగా పెరిగే బాక్టీరియాలు మొదటి రెండు నెలల్లో చాలావరకు చస్తాయి. కణాలలోనో, గట్టిపడిన కణుపులలోనో నక్కి, తిండి తగ్గించుకుని, పెరుగుదల దాదాపు ఆపివేసినవి మిగిలిపోతాయి. పెరగని బాక్టీరియాను మందు త్వరగా చంపలేదు. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు సాగడానికి ముఖ్యకారణం ఈ మిగిలినవే. మధ్యలో మానేస్తే అవే మళ్ళీ పుంజుకుంటాయి. వాటిలో మందుకు లొంగనివి కూడా తయారుకావచ్చు.

క్షయ బాక్టీరియాకు దాయాది కుష్ఠు బాక్టీరియా. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దీనిని 1873లోనే, అంటే క్షయ బాక్టీరియా కన్నా తొమ్మిదేళ్ళ ముందే, గుర్తించాడు. నూట యాభై ఏళ్ళు దాటినా ఇంతవరకు ఎవరూ దీనిని ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో పెంచలేకపోయారు. ఏ ఆహారం పెట్టినా అది ముట్టదు. పరిశోధన కోసం దానిని ఎలుకల అరికాళ్ళలోను, అమెరికాలో ఉండే ఆర్మడిల్లో అనే జంతువులోను పెంచవలసివచ్చింది. ఈ పంతానికి కారణం 2001లో తెలిసింది. ఆ సంవత్సరం దాని జన్యువులన్నింటినీ చదివి చూస్తే, పనిచేసేవి 1,604 మాత్రమే. మరి 1,116 జన్యువులు చెడిపోయి, శిథిలమైన ఇంటి గోడల్లా మిగిలి ఉన్నాయి. క్షయ బాక్టీరియాకైతే దాదాపు నాలుగువేల జన్యువులు ఉన్నాయి. తరతరాలుగా పరుల ఇంట భోజనానికి అలవాటుపడినవాడు వంట మరచిపోయినట్లు, కుష్ఠు బాక్టీరియా ఎన్నో పనులను మరచిపోయింది. నరాలను అంటిపెట్టుకుని ఉండే కణాలలోను, చర్మపు మహాభక్షక కణాలలోను తప్ప దానికి మనుగడ లేదు. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. జబ్బు బయటపడడానికి ఏళ్ళు పట్టడంలో వింత ఏముంది?

అయినా అది పూర్తిగా మరచిపోని పని ఒకటి ఉంది. ఫోలిక్ ఆమ్లం అనే విటమినుకు సంబంధించిన పదార్థాన్ని అది స్వయంగా తయారుచేసుకుంటుంది. కుష్ఠుకు వాడే డాప్సోన్ అనే మందు సరిగ్గా ఆ పని మీదనే దెబ్బ కొడుతుంది. మన కణాలు ఆ పదార్థాన్ని తయారుచేయవు, తిండి నుంచి తీసుకుంటాయి. కనుక ఆ దెబ్బ మనకు తగలదు. 1982 నుంచి డాప్సోనుకు తోడుగా మరి రెండు మందులు కలిపి ఇస్తున్నారు. ఆరు నెలల నుంచి సంవత్సరం లోపల జబ్బు నయమవుతుంది.

ఫోలిక్ ఆమ్లం మాట వచ్చింది గనుక ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోక తప్పదు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివారు. ఆ కాలంలో భీమవరమూ బరంపురమూ కూడా మద్రాసు రాజధానిలోనివే. 1923లో ఆయన అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. కండరంలో భాస్వరం ఏ రూపంలో ఉంటుందో వెతుకుతూ, ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా విడిగా దానిని కనుగొన్నాడు. ఏటీపీ అనేది జీవకణంలో చెల్లే నాణెం. కండ కదలాలన్నా, నరం సంకేతం పంపాలన్నా, కణంలో ఏ పని జరగాలన్నా ఈ నాణెం ఖర్చుపెట్టాలి. ఖర్చయ్యాక అది ఏడీపీ అనే చెల్లని కాసుగా మారుతుంది. కణంలోని మైటోకాండ్రియా దానిని మళ్ళీ చెల్లే నాణెంగా ముద్రిస్తుంది.

కణం లోపల ఇంత విలువైన నాణెం తిరుగుతూ ఉంటే దొంగ కన్ను దానిమీద పడకుండా ఉంటుందా? రికెట్సియా అనే బాక్టీరియాలు ఉన్నాయి. పేల ద్వారా వ్యాపించే టైఫస్ జ్వరం వాటిలో ఒకదాని వల్ల వస్తుంది. అవి కణంలోకి దూరగానే తమను మూసిన సంచిని చించుకుని నడి కణంలోకి వచ్చేస్తాయి. వింక్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1976లో ఈ బాక్టీరియా పొరలో ఒక వింత మారకపు కిటికీ ఉన్నదని నిరూపించాడు. ఆ కిటికీలోనుంచి బాక్టీరియా తన చెల్లని ఏడీపీని ఒకటి బయటికి వేస్తుంది, కణానికి చెందిన ఏటీపీని ఒకటి లోపలికి లాక్కుంటుంది. సరకు దొంగిలించి అమ్ముకునే శ్రమ కూడా లేదు, నేరుగా గల్లాపెట్టెలోనే చెయ్యి! మైటోకాండ్రియా కూడా కోట్ల ఏళ్ళ క్రితం మరొక కణంలో చేరి స్థిరపడిపోయిన బాక్టీరియానే అనీ, రికెట్సియాల వంశానికి దూరపు చుట్టమే అనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఒకే వంశంలో ఒకటి నాణెం ముద్రించి ఇంటికి ఇస్తోంది, మరొకటి ఇంట్లో ఉన్న నాణెం దోచుకుంటోంది.

రికెట్సియాలకు దగ్గరి బంధువైన ఓరియన్షియా అనే బాక్టీరియా వల్ల వచ్చేదే స్క్రబ్ టైఫస్. ఇది ఒడిశాకు కొత్త జబ్బేమీ కాదు. 2023లో వర్షాకాలం చివర బర్గఢ్ జిల్లాలో దీనివల్ల మరణాలు సంభవించాయి. పొదలు, గడ్డి పెరిగిన చోట్ల కంటికి ఆనీ ఆనని చిగ్గర్లు అనే పురుగుల పిల్లలు ఉంటాయి. అవి కుట్టినప్పుడు నొప్పి తెలియదు. బాక్టీరియా చర్మంలోంచి రక్తంలో చేరి, సన్నని రక్తనాళాల లోపలి పొర కణాలలో దూరుతుంది. వారం పదిరోజులకు తలనొప్పితో కూడిన తీవ్రమైన జ్వరం వస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి.

ఈ జ్వరానికి పెన్సిలిన్ జాతి మందులు పనిచేయవు. అవి మన కణాల లోపలికి చాలినంతగా చేరవు. చేరినా ఓరియన్షియా గోడ వాటికి లొంగే రకం కాదు. కణంలోకి చొచ్చుకుపోయి, అక్కడ బాక్టీరియా మాంసకృత్తులు తయారుచేసుకోకుండా ఆపే మందు కావాలి. టెట్రాసైక్లిన్ జాతి మందులు అటువంటివి. ఆ జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. మిస్సోరి రాష్ట్రం నుంచి తెచ్చిన గుప్పెడు పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దానిని తీసినవాడు డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆయన పనిచేసింది అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో. దానికి పరిశోధన సంచాలకులు సుబ్బారావుగారే. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టు నెలలో ఆయన కన్నుమూశారు. కణపు నాణేన్ని కనుగొన్న మనిషి నడిపిన పరిశోధనశాల నుంచే, ఆ నాణేన్ని దోచే దొంగలకు మందు కూడా వచ్చింది. తన రెండు పనులకూ ఉన్న ఈ సంబంధం ఆయన ఎరగరు. రికెట్సియా దొంగతనం బయటపడింది ఆయన పోయిన ఇరవై ఎనిమిదేళ్ళకు.

ఇవాళ స్క్రబ్ టైఫస్‌కు ఎక్కువగా వాడే డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. ఖరీదైనది కాదు. వేళకు మొదలుపెడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. చిక్కల్లా జబ్బును పోల్చుకోవడంలోనే ఉంది. మలేరియా, టైఫాయిడ్, డెంగీ జ్వరాలు కూడా మొదట్లో ఇలాగే ఉంటాయి. అందుకే వానలు వెనుకబట్టే రోజుల్లో జ్వరంతో వచ్చిన పిల్లవాడిని అనుభవం ఉన్న వైద్యుడు చొక్కా విప్పమంటాడు. చంకలలో, నడుము మొలతాడు కింద, మోకాలి వెనుక, చెవి వెనుక జాగ్రత్తగా వెతుకుతాడు. కొందరిలో చిగ్గరు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు చిన్న నల్లని పెచ్చు ఉంటుంది. నొప్పి, దురద ఉండవు గనుక పిల్లవాడికీ తెలియదు, తల్లికీ తెలియదు. గిడ్డంగి మూల పందికొక్కు వేసిన కన్నం వంటిదే అది.

ఆలోచించి రాయండి

1. క్షయ బాక్టీరియాను ‘ఇంటిదొంగ’ అని ఎందుకు అనవచ్చు?

2. బాక్టీరియాకు ఇనుము దొరకకుండా శరీరం ఏమేమి చేస్తుంది? దానికి క్షయ బాక్టీరియా చేసే ప్రతి ఉపాయం ఏమిటి?

3. దగ్గు తగ్గగానే క్షయరోగి మందు మానేస్తే ఏమవుతుంది? ఎందుకు?

4. మీ ఇంట్లో, మీ వీధిలో పందికొక్కుల గురించి, దొంగల గురించి పెద్దలు వాడే సామెతలను తెలుగులోను, ఒడియాలోను సేకరించి తరగతిలో చెప్పండి.